సంతకానికి పటం కట్టిస్తున్నారా?

1922 ఆగస్టు 22. అల్లూరి సీతారామరాజు అనుచరులతో చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడి చేసి ఆయుధాలు పట్టుకుపోయారు. వెళ్లేముందు, ఏమేం తీసుకువెళుతున్నదీ స్టేషను డైరీలో రాసి సంతకం పెట్టారు! ఆయన పేరుతో 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోనే ఆ చింతపల్లి ఉంది.

అలాంటి ఒక గొప్పవారి సంతకం మీ దగ్గర ఉందనుకోండి. ఏం చేస్తారు? పటం కట్టించి గోడకు తగిలిస్తారు, అవునా? కాస్త ఆగండి! ఆ పటమే సంతకానికి శత్రువు కావచ్చు.

ముందు సిరా సంగతి చూద్దాం. పాడేరు అడవుల్లో దొరికే కరక్కాయ మీకు తెలుసు కదా! పూర్వం కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా చేసేవారు. కాయలోని టానిన్, అన్నభేదిలోని ఇనుము కలిసి, గాలిలోని ఆక్సిజన్ తగిలాక నల్లని పదార్థంగా మారతాయి. అది కాగితం పోగుల్లో స్థిరపడిపోతుంది. ఇప్పటి స్కెచ్ పెన్నుల్లో, చాలా బాల్ పెన్నుల్లో ఉండేవి అద్దకపు రంగులు. వెలుతురు ఈ రంగుల అణువులను విడగొడుతుంది. అతినీలలోహిత కిరణాలు మరీ ప్రమాదం. మామూలు అద్దం వాటిలో కొంత భాగాన్నే ఆపగలదు. ఒకసారి వెలిసిన రంగు చీకట్లో పెట్టినా తిరిగి రాదు.

రెండో శత్రువు తేమ. మన్యంలో వానలు, ఆపైన పొగమంచు. రాత్రి అద్దం చల్లబడితే లోపలి గాలిలోని నీటి ఆవిరి దానిపై చెమ్మగా చేరుతుంది. కాగితమో ఫొటోనో అద్దానికి ఆనుకుని ఉంటే అతుక్కుపోతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి చాలాకాలం ఉంటే బూజు పడుతుంది.

మూడోది ఆమ్లం. పటం వెనుక పెట్టే చవక అట్టలోని ఆమ్లం మెల్లగా కాగితంలోకి పాకి, దాన్ని గోధుమరంగుకు మార్చి పెళుసు చేస్తుంది.

మరి ఏం చేయాలి? అద్దానికీ కాగితానికీ మధ్య, కిటికీలా కోసిన ఆమ్లరహిత అట్ట పెట్టించండి. వెనుక అట్ట కూడా అటువంటిదే ఉండాలి. జిగురు, సెల్లోటేపు వద్దు. కాగితంతో చేసిన మూలల్లో దూర్చితే చాలు. లామినేషన్ అసలే వద్దు! ఆ వేడికి అంటుకున్న ప్లాస్టిక్కును మళ్లీ ఊడదీయడం దాదాపు అసాధ్యం. వాన కొట్టే గోడకు, ఎండ పడే చోట పటం తగిలించకండి. పటం వెనుక నాలుగు మూలలా రబ్బరు ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

అన్నిటికన్నా మంచి ఉపాయం ఒకటుంది. గోడకు నకలు తగిలించి, అసలును ఆమ్లరహిత కాగితంలో చుట్టి, పొడిగా ఉండే చీకటి చోట దాచండి.

నమ్మకం కలగలేదా? ఒక వార్తాపత్రిక ముక్కపై స్కెచ్ పెన్నుతో మీ పేరు రాసి, సగం పేరును మందపాటి అట్టతో కప్పి, రెండు వారాలు ఎండలో ఉంచండి. తర్వాత అట్ట తీసి, రెండు సగాలనూ పోల్చి చూడండి. ఏ సగం మీ సంతకంలా మిగిలిందో మీరే చెబుతారు!