స్కూబా డైవింగ్: నేర్పేవారిని ముందు గమనించండి

సెలవులకు అండమాన్ వెళ్ళే మనవారిలో కొందరు స్కూబా డైవింగ్ కూడా చేసి వస్తున్నారు. ఈత రాకపోయినా పరవాలేదు, అరగంటలో నేర్పేస్తాం అంటారు. ఆ అరగంటలో ఏమి నేర్పుతున్నారన్నదే అసలు విషయం.

పది మీటర్ల లోతున ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు. అక్కడ సిలిండర్ గాలి నిండుగా పీల్చి, భయంతో ఊపిరి బిగబట్టి పైకి వచ్చేస్తే ఆ గాలి ఊపిరితిత్తులలో వ్యాకోచిస్తుంది. అవి చిరిగి, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. ఇందుకు సముద్రమే అక్కర్లేదు, ఈతకొలనులో సైతం జరగవచ్చు. కాబట్టి ‘ఊపిరి బిగబట్టవద్దు’ అని మొదటే చెప్పని శిక్షకుని వెంట నీళ్ళలోకి దిగకండి.

మంచి శిక్షకుడు ముందుగా ఆరోగ్య ప్రశ్నాపత్రం ఇస్తాడు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉంటే దాచకుండా రాయండి. వైద్యుని సంతకం తెమ్మంటే విసుక్కోకండి. గర్భిణులు దిగకూడదు. అన్నింటికీ ‘లేదు’ అని టిక్కు పెట్టేయమనే చోటినుండి, కట్టిన డబ్బు పోయినా సరే, వెనక్కి వచ్చేయండి!

పి.ఏ.డి.ఐ. సంస్థ ఓపెన్ వాటర్ కోర్సులో చదువు, కొలనులో సాధన, ఆపై నాలుగు డైవ్‌లు ఉంటాయి. అప్పటికీ 18 మీటర్లే హద్దు. ఒక్కపూట సరదాగా దిగినవారికిచ్చే కాగితం ఆ సర్టిఫికెట్ కాదు.

ఒక్కసారే దిగినా కనీసం 12 గంటలు గడవనిదే తిరుగు విమానం ఎక్కవద్దు.