నీటిలో నాటిన కొమ్మ కుళ్లనేల?

మొక్కకు నీరే ప్రాణమని మన మందరము నమ్ముదుము. అయినను సీసానీటిలో నుంచిన లేతకొమ్మ పలుమారు ఆ నీటివలననే చచ్చుచుండును. పై యాకులు పచ్చగా నుండగనే, నీటిలోని కాండము మెత్తబడి, నల్లనై, దుర్గంధము గొట్టును. “నా చేతివాసి మంచిది కాదు” అని యిల్లాలు నొచ్చుకొనును. సోదరీమణులారా! ఇది చేతివాసి దోషము గాదు. కారణ మెరిగినచో పెక్కు కొమ్మలను కాపాడుకొనవచ్చును.

ఈ సంగతి నేను నష్టపడి నేర్చుకొంటిని. మా పుట్టినింటిని అమ్మివేసిన దినమున పెరటి కోటలోని కృష్ణతులసినుండి ఏడు కొమ్మలు త్రుంచి తెచ్చుకొంటిని. మా యమ్మ నీరు పోయగా, రాలిన విత్తే మరల మొలచుచు, ఏండ్లతరబడి ఆ కోటలో నిలిచిన తులసి యది. ఇప్పుడు మేము కాపురముండు మేడలో మట్టిచోటు లేదు. ఇరుకుమూతి సీసాలో ఏడు కొమ్మలను గ్రుచ్చి, మెడవరకు నీరు నింపితిని. త్వరగా ఎదుగునను ఆశతో తొలినాడే ఎరువుపొడి కలిపి, ఎండతగులు కిటికీలో పెట్టితిని. నీరు తరిగినప్పుడు పైని మరికొంత పోయుచుంటినే గాని, పాతనీటిని పారబోయనైతిని. ఆరవనాటికి నాలుగు కొమ్మలు అడుగంట కుళ్లిపోయినవి. నేను చేసిన ప్రతి పనియు ప్రేమతో చేసినదే. ప్రతి పనియు తప్పే.

తప్పెక్కడ నున్నదో చూతము. ఆకులే గాక కాండమును, వేళ్లును గూడ గాలి పీల్చుకొనును. కోసిన కొమ్మకు అడుగున పచ్చిగాయ ముండును. ఆ గాయము మాని క్రొత్తవేళ్లు పుట్టుటకు ప్రాణవాయువు మిక్కిలి అవసరము. ఆ వాయువు నీటిలో స్వల్పముగనే కరగును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు నిలుచును. 30 డిగ్రీలకు అది సుమారు ఏడున్నరకు తగ్గును. నీరు వెచ్చనైనకొలది మొక్క యూపిరి వేగము హెచ్చును, దొరకు వాయువు తగ్గును. కావున మన వేసవిలో ఎండకు పెట్టిన సీసాలోని కొమ్మకు ఉక్కిరిబిక్కిరి తప్పదు.

అట్లు నీరసించిన కాండముపై సూక్ష్మజీవులు పడును. వీనిలో ముఖ్యమైనది పిథియం. నారుమడులలో నారుకుళ్లు తెగులును గలిగించున దిదియే. చూపునకు బూజువంటిదైనను ఇది నిజమైన శిలీంధ్రము గాదు. నీటిబూజుల జాతికి చెందినది. దీని బీజకణములు సన్నని తోకలతో నీటిలో ఈదుకొనుచు పోగలవు. అందుచేతనే ఒక్క సీసాలోని ఏడు కొమ్మలలో ఒకటి చెడిన, తక్కినవియు చెడుట కెంతయో కాలము పట్టదు.

మట్టిలేని సేద్యము క్రొత్తది గాదు. 1860 ప్రాంతమున జర్మనీదేశపు శాస్త్రజ్ఞుడు సాక్స్ నీటిలో లవణములు కరగించి మొక్కలను పెంచెను. కాలిఫోర్నియాలో గెరికె అను నాచార్యుడు ఈ పద్ధతిని పంటలకు వర్తింపజేసి, 1937లో దీనికి “హైడ్రోపోనిక్స్” అను పేరును వ్యాప్తికి తెచ్చెను. 1946లో వంగదేశపు కాలింపాంగులో షోల్టో డగ్లస్ దీనిని మన దేశపు స్థితిగతుల కనుకూలముగా మలచ నారంభించెను. వేళ్లకు నీటితోబాటు గాలియు నందవలెనన్నది ఈ సేద్యమునకు మూలసూత్రము.

ఇక చేయవలసిన పని. పూతవెన్నులు లేని, నాలుగైదు అంగుళముల ఆరోగ్యమైన కొమ్మను ఎన్నుకొనవలెను. వాడియైన శుభ్రమైన కత్తితో కణుపునకు కొంచెము దిగువగా కోయవలెను. వ్రేళ్లతో నలిపి త్రుంచరాదు. నీటిలో మునుగు ఆకుల నెల్ల తీసివేయవలెను, ఏలయన మొట్టమొదట కుళ్లునవి అవియే. ఒకటి రెండు కణుపులు మాత్రమే మునుగునట్లు, వెడల్పుమూతి పాత్రలో రెండంగుళముల నీరు చాలును. కాచి చల్లార్చిన నీటిలో గాలి తరిగియుండును గనుక, కాఫీని తిరుగబోసినట్లు రెండు చెంబుల నడుమ పలుమారు తిరుగబోసి వాడవలెను. రెండు దినముల కొకసారి నీటిని పూర్తిగ మార్చి, పాత్ర లోపల జిగట లేకుండ తోమవలెను. గాజుపాత్రకు నల్లగుడ్డ చుట్టినచో పాచి పట్టదు. వెలుతురుగల నీడపట్టున నుంచవలెను. వేళ్లు రానంతవరకు ఎరువు పనికిరాదు. రెండంగుళముల వేళ్లు వచ్చినపిమ్మట, పొట్లముపై చెప్పిన మోతాదులో నాల్గవవంతు కలుపవచ్చును. అప్పుడు వేళ్ల పైభాగము గాలిలో నుండునట్లు నీటిమట్టమును తగ్గింపవలెను.

కొందరు లేనిరోగమును చూచి భయపడుదురు. కోసినచోట కొద్దిగా గోధుమరంగు తిరిగినను గట్టిగా నున్నచో అది కుళ్లు గాదు. కాండముపై తెల్లని చిన్న బుడిపెలు కనబడినచో అవి రానున్న వేళ్లకు గురుతు కావచ్చును. నొక్కిన మెత్తగ నుండి, జిగటయై, వాసన వచ్చినచో అది కుళ్లు. నీరుండియు ఆకులు వాలుట, లాగినంతనే వేళ్ల పైపొర ఊడి లోనిదారము మాత్రము మిగులుట గూడ దాని లక్షణములే.

కుళ్లు కనబడిన క్షణముననే ఆ కొమ్మను వేరుచేయవలెను. మరుగునీట ముంచిన కత్తితో, చెడినచోటికి పైగా, కోతలో గోధుమచార యొక్కటియు కానరానంతవరకు కోయుచు పోవలెను. ప్రతికోతకును కత్తిని శుభ్రపరుపవలెను. ఆకులు రెండు నాలుగు మాత్రముంచి, సబ్బుతో కడిగి యెండలో ఆరబెట్టిన పాత్రలో, క్రొత్తనీట నుంచవలెను. కొందరు మందులదుకాణపు హైడ్రోజన్ పెరాక్సైడును కొలదిగా కలుపుదురు. అది క్రిములను కొంత అణచును గాని, చెడిన కాండమును బాగుచేయజాలదు. కణు పొక్కటియు మిగులనిచో ఆ కొమ్మపై ఆశ వదలుకొని, ఇతర కుండీలలో పడకుండ పారవేయవలెను.

నాకు మిగిలిన మూడు కొమ్మలను ఇట్లే కోసి, మూడు లోటాలలో వేరువేరుగ నుంచితిని. ఒకటి మరల కుళ్లెను. ఒకటి వాడిపోయెను. మూడవదానికి పండ్రెండవనాడు తెల్లనివేళ్లు నాలుగు కనబడినవి. ఆ తులసి నేడు మా వసారాలో కుండీలో నున్నది. దాని కొమ్మలను ఇప్పటికే ఇద్దరు పొరుగువారి కిచ్చితిని. మరల దొరకని మొక్క మీ చేతికి వచ్చినప్పుడు, సోదరీమణులారా, దాని కొమ్మల నెల్ల ఒక్క పాత్రలో నుంచకుడు.