నూరు గ్రాముల డ్రమ్ము

కాఫీ బస్తాలు కొనే వ్యాపారికి మొదటినుంచీ ఒక చిక్కు ఉంది. అతను కొనేది పచ్చి గింజ. దానికి కాఫీ రంగు లేదు, కాఫీ వాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఎండుగడ్డి వాసన వస్తుంది, కొరికితే పన్ను దిగదు. మనం కాఫీ రుచి అనుకునేదంతా వేయించాక పుట్టేదే. బస్తాలన్నీ వేయించి చూద్దామంటే కుదరదు. పచ్చి గింజ నెలల తరబడి నిలవుంటుంది గానీ, వేయించిన గింజ కొద్ది వారాల్లో వాసన పోగొట్టుకుంటుంది. అందుకని గుప్పెడు తీసి, వేయించి, కాచి, తాగి చూడాలి. ఆ గుప్పెడు కోసం పుట్టిన యంత్రమే శాంపిల్ రోస్టర్. ఇవాళ కొందరి వంటింటి గట్టు మీద కనిపించే చిన్న డ్రమ్ము రోస్టరు దాని వంశంలోదే.

ఈ వంశానికి మూలం పెనం. పెనం మీద గింజ కదలకుండా ఉంటే ఆనిన వైపు మాడుతుంది, పై వైపు పచ్చిగా ఉండిపోతుంది. ఎంత గరిటె తిప్పినా అన్ని గింజలకూ ఒకే వేడి అందదు. గింజల్ని మూసిన గొట్టంలో పోసి, గొట్టాన్నే నిప్పు మీద తిప్పితే ఈ బాధ చాలావరకు తీరుతుందని 17వ శతాబ్దంలోనే కైరో, లండన్ నగరాల్లో కనిపెట్టారు. ఆ పద్ధతి మన దగ్గరికీ వచ్చింది. పొడి పొట్లాలు కొనుక్కునే అలవాటు రాకముందు దక్షిణాదిలో, తెలుగిళ్లతో సహా, కాఫీ ఇష్టపడే చాలా ఇళ్లలో పచ్చి గింజలు తెచ్చుకునేవారు. కుంపటి మీద పెట్టి చేతి పిడితో తిప్పే ఇనప డ్రమ్ము, బల్ల అంచుకు మర బిగించిన కాఫీ మిల్లు ఆ ఇళ్ల సామానులో భాగం.

పెద్ద ఎత్తున వేయించడం మాత్రం అమెరికాలో ఊపందుకుంది. 1846లో బోస్టన్‌కు చెందిన జేమ్స్ కార్టర్ ఒక రోస్టరుకు పేటెంటు తీసుకున్నాడు. ఇటుకల కొలిమిలో తిరిగే పెద్ద ఇనప గొట్టం అది. లోపల గింజ ఎంత వేగిందో చూడాలంటే గొట్టాన్ని మొత్తంగా బయటికి లాగాలి. అలా లాగి, చెక్క తొట్టెల్లోకి ఒంపి, పారలతో కలియబెట్టి చల్లార్చేవారు. చుట్టూ పొగ. నిప్పు మీంచి తీసినంత మాత్రాన గింజ వేగడం ఆగదు, లోపలి వేడితో ఇంకా నల్లబడుతూనే ఉంటుంది. కార్టర్ యంత్రానికి పెద్ద లోపం అక్కడే.

ఆ లోపాన్ని సరిచేసినవాడు జేబెజ్ బర్న్స్. లండన్‌లో పుట్టి చిన్న వయసులోనే న్యూయార్క్ చేరిన మనిషి. 1864లో అతను పేటెంటు పొందిన డ్రమ్ము లోపల రెండు మర చుట్లు ఉంటాయి. ఒకటి గింజల్ని ముందుకు తోస్తే, రెండోది వెనక్కి తోస్తుంది. డ్రమ్మును నిప్పు మీంచి కదల్చనక్కర్లేదు. ముందు తలుపు తెరిస్తే గింజలు వాటంతట అవే చల్లార్చే పళ్ళెంలోకి జారిపోతాయి. నేటికీ చాలా డ్రమ్ము రోస్టర్లు ఈ ఏర్పాటు మీదే నడుస్తున్నాయి.

అది అమెరికాలో అంతర్యుద్ధం సాగుతున్న కాలం. ఉత్తరాది సైన్యంలో నూరుగురు సైనికులకు రోజుకు 10 పౌన్ల పచ్చి కాఫీ, లేదా 8 పౌన్ల వేయించిన కాఫీ ఇచ్చేవారు. ఈ రెండంకెల్లో మంచి విజ్ఞానం ఉంది. వేయించడంలో బరువు అయిదో వంతు దాకా పోతుందని సైన్యం లెక్కలవాళ్లకు అప్పటికే తెలుసన్నమాట. ముదురుగా వేయిస్తే ఇప్పటికీ ఆ లెక్కే వస్తుంది. లేతగా దించితే 12, 13 శాతం పోతుంది. పోయేదాంట్లో ఎక్కువ భాగం నీరు, మిగతాది బొగ్గుపులుసు వాయువు, పొట్టు.

బర్న్స్ సంస్థ పెద్ద యంత్రాలతో పాటు చిన్నవీ చేసింది. 1868లో జర్మనీలో రైన్ నది ఒడ్డున ఎమెరిక్ ఊళ్ళో మొదలై, తర్వాత ప్రోబాట్‌గా పేరుపడ్డ కర్మాగారమూ చేసింది. చిన్న డ్రమ్ములు వరసగా ఒకే చట్రం మీద ఉంటాయి, ఒక్కోదాని కింద ఒక్కో గ్యాసు మంట. అన్నిటినీ ఒకే ఇరుసు తిప్పుతుంది. నమూనాకో డ్రమ్ము, డ్రమ్ములో నూరు గ్రాములు, కాస్త అటూ ఇటూ. ఒక్క విడతలో నాలుగైదు తోటల గింజ పక్కపక్కనే వేగుతుంది.

ఈ చిన్న యంత్రం అసలు విలువ మాత్రం 19వ శతాబ్దం చివర్లో గానీ బయటపడలేదు. అప్పటిదాకా కాఫీ ధర కట్టడానికి చూసేది గింజ సైజు, రంగు, నున్నదనం. పెద్ద గింజకు పెద్ద ధర. శాన్ ఫ్రాన్సిస్కోలో క్లారెన్స్ బిక్‌ఫర్డ్ అనే దళారీ ఈ పద్ధతిని ప్రశ్నించి, ప్రతి నమూనానూ వేయించి, కప్పులో పోసి, రుచి చూసి ధర కట్టాలని పట్టుబట్టాడు. ఎత్తైన కొండల మీద పండిన చిన్న గింజలు కంటికి ఆనకపోయినా కప్పులో మెరుస్తాయని అలా తేలింది. కన్ను చేసే పని నాలుకకు అప్పగించడం కాఫీ చరిత్రలో చాలా పెద్ద మలుపు అని నా నమ్మకం. నమూనా రోస్టరు లేకపోతే ఆ మలుపు ఊహామాత్రంగా మిగిలిపోయేది.

ఇంతకీ చిన్న డ్రమ్ములో వేయించడం పెద్ద డ్రమ్ములో వేయించడానికి కుదించిన రూపం కాదు. దాని భౌతికశాస్త్రమే వేరు. ముందుగా తిరిగే వేగం చూద్దాం. డ్రమ్ము మరీ వేగంగా తిరిగితే గింజలు గోడకు అతుక్కుని తిరుగుతాయి తప్ప దొర్లవు. ఏ వేగం దగ్గర అతుక్కుంటాయన్నది వ్యాసార్ధాన్ని బట్టి ఉంటుంది. 14 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న ఇంటి డ్రమ్ముకు ఆ హద్దు నిమిషానికి సుమారు 113 చుట్లు. 70 సెంటీమీటర్ల కర్మాగారపు డ్రమ్ముకు 50 చుట్ల దగ్గరే ఆ హద్దు వచ్చేస్తుంది. పెద్ద డ్రమ్ము తాపీగా, చిన్న డ్రమ్ము చురుగ్గా తిరగడానికి కారణం ఇదే.

అంతకన్నా ముఖ్యమైంది లోహం. ఒక కిలో ఉక్కును 200 డిగ్రీలు వేడెక్కిస్తే అందులో దాదాపు 90 కిలోజౌళ్ల వేడి నిలవుంటుంది. నూరు గ్రాముల పచ్చి గింజల్లో ఉండేది 11 గ్రాముల దాకా నీరు. అదంతా ఆవిరి కావడానికి కావలసింది సుమారు 25 కిలోజౌళ్లు. ఈ రెండంకెలు పక్కపక్కన పెడితే విషయం తెలిసిపోతుంది. గుప్పెడు గింజల్ని శాసించేది కింద మంట కన్నా డ్రమ్ము దాచుకున్న వేడే. కర్మాగారంలో అరవై కిలోల చల్లటి గింజలు పడితే డ్రమ్మే తగ్గి వస్తుంది. ఇంట్లో నూరు గ్రాములు పడితే డ్రమ్ముకు పట్టనే పట్టదు. కాబట్టి పావుకిలో పట్టే యంత్రంలో నూరు గ్రాములే పోసేవాళ్లు పావుకిలోకి పెట్టే వేడి పెట్టకూడదు. తక్కువ వేడి దగ్గర పోయాలి. లేకపోతే లోపల ఉడకకముందే గింజ చివర్లు మాడతాయి.

గింజలు పోశాక మొదటి నాలుగైదు నిమిషాలు వినడానికి ఏమీ ఉండదు. గింజ నీరు వదులుతూ ఆకుపచ్చ నుంచి పసుపుకు తిరుగుతుంది. గడ్డి వాసన పోయి కాలుతున్న రొట్టె వాసన మొదలవుతుంది. 150 డిగ్రీలు దాటే సరికి చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలిసి గోధుమ రంగునీ వందలాది సువాసన పదార్థాలనీ పుట్టిస్తాయి. ఫ్రెంచి రసాయనవేత్త లూయీ కమీల్ మయార్ 1912లో వివరించిన చర్య ఇది. గింజ లోపల ఆవిరి, బొగ్గుపులుసు వాయువు బిగుసుకుంటాయి. 196 డిగ్రీల ప్రాంతంలో గింజ గోడలు ఇక ఆపలేవు. మొక్కజొన్న పేలాలు పేలినట్టు ఠప్ ఠప్‌మని చప్పుడు, ఒకదాని వెనక ఒకటి. దీన్నే ఫస్ట్ క్రాక్ అంటారు. గింజ ఉబ్బుతుంది, మధ్య గాడిలోని పొట్టు ఊడి ఎగురుతుంది. ఇంకా ఉంచితే 224 డిగ్రీల దగ్గర రెండో చప్పుడు, సన్నగా, దగ్గరదగ్గరగా. అప్పటికి గింజ మీద నూనె తేలుతుంది, తోట రుచి మీద మంట రుచి పైచేయి అవుతుంది.

నమూనా వేయించేవాళ్లు అంతదాకా పోరు. మొదటి చప్పుళ్లు సద్దుమణిగాక కాసేపటికే దించేస్తారు. మొత్తం 8 నుంచి 12 నిమిషాల్లో ముగించాలని స్పెషాల్టీ కాఫీ అసోసియేషన్ నియమం. ఈ పనిలో నాకు చాలా గౌరవం కలిగించే విషయం ఈ సంయమనమే. తాగడానికి వేయించేటప్పుడు వేయించేవాళ్ల పనితనం కప్పులో తెలియాలి. నమూనాలో అది తెలియనే కూడదు. తోట, నేల, ఎత్తు, కోసిన చెయ్యి, ఆరబెట్టిన తీరు మాత్రమే మిగలాలి. వేడి ఎక్కువైతే గింజ తప్పు కాని చేదు దాని నెత్తిన పడుతుంది. మంట తగ్గించి మరీ సాగదీస్తే మంచి గింజ కూడా చప్పబడుతుంది. కొండ మీద ఏడాది కష్టానికి ధర పలికేది ఈ పది నిమిషాల పని మీద. అందుకే అజాగ్రత్తగా వేయించిన నమూనాను నేను చిన్న తప్పుగా చూడలేను.

చిన్న డ్రమ్ములో ఉష్ణమాపకం కూడా పూర్తిగా నమ్మదగింది కాదు. గింజల కుప్పలో మునగాల్సిన మొన నూరు గ్రాముల పలచటి పోగులో సగం తేలి, గింజ వేడిని కాక గాలి వేడిని చూపిస్తుంది. అందుకే పాత నమూనా యంత్రాల ముందు కూర్చునేవాళ్లు చెవినీ ముక్కునీ నమ్ముకున్నారు. యంత్రం ముందు పలకలోని కన్నంలోంచి సన్నటి గరిటె దూర్చి, నాలుగు గింజలు బయటికి తీసి, రంగు చూసి, వాసన పట్టి, మళ్ళీ లోపలికి వదిలేవారు. ఇంకో జాగ్రత్త, ప్రతి విడతకూ డ్రమ్ము ఒకే వేడికి దిగేదాకా ఆగడం. పొద్దున మొదటి విడత ఎప్పుడూ మిగతా వాటితో సరిపోలదు, లోహం అప్పటికింకా నిలకడకు రాదు. అందుకే ముందు ఒక విడత లెక్కలోకి రాని గింజలు వేసి డ్రమ్మును సిద్ధం చేసుకుంటారు.

ఇంటి యంత్రాల్లో ఇన్ని రకాలున్నది కూడా ఈ సమస్యలకు వెతికిన జవాబుల వల్లే. తైవాన్‌లో తయారయ్యే హాట్‌టాప్ పావుకిలో పట్టే డ్రమ్ము, ముందు గాజు కిటికీ, కింద చల్లార్చే పళ్ళెం, అంటే బర్న్స్ ఏర్పాటుకు బుల్లి రూపు. అక్కడిదే క్వెస్ట్ ఎం3, ఇంకా చిన్నది, నమూనాలకు బాగా నప్పుతుంది. బెహ్‌మోర్ 1600లో ఇనప గోడ బదులు తీగల వల డ్రమ్ము, పక్కన ఎర్రగా వెలిగే క్వార్ట్జ్ కడ్డీలు. లోహం దాచుకునే వేడి తగ్గి, ప్రసరించే వేడి పెరిగింది. కొరియా వాళ్ల జీన్ కేఫేలో డ్రమ్మును ఏటవాలుగా బిగించి తిప్పుతారు. డ్రమ్మే వద్దన్నవాళ్లూ ఉన్నారు. అమెరికన్ కెమికల్ ఇంజనీరు మైకేల్ సివెట్జ్ 1970లలో వేడి గాలి ధారలో గింజల్ని తేలియాడించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. లండన్‌లో పుట్టిన ఇకావా యంత్రం ఆ దారిలోనే 50 గ్రాములు వేయిస్తుంది. లోహం అడ్డు లేదు కాబట్టి ప్రతి విడతా ముందు విడతలాగే వస్తుంది. నమూనాకు కావలసింది అదే కనుక ఈ మధ్య దళారుల బల్లల మీద గాలి యంత్రాలు ఎక్కువవుతున్నాయి. అయినా బర్న్స్ కాలపు ఇనప డ్రమ్ములు కొన్ని, ఇరుసు తీసేసి మోటారు బిగించుకుని, ఇప్పటికీ పని చేస్తున్నాయి.

మనవైపు ఈ పని విలువ తెలియాలంటే తూర్పు కనుమల్లోకి వెళ్లాలి. 1898లో తూర్పు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో బ్రోడీ అనే బ్రిటిష్ అధికారి కాఫీ మొక్కలు నాటించాడు. అక్కడినుంచి అరకు, పాడేరు, చింతపల్లి కొండలకు పాకింది. ఇక్కడ పెద్ద ఎస్టేట్లు తక్కువ. సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల మధ్య గిరిజన రైతుల చిన్న చిన్న తోటలే ఎక్కువ. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వందల తోటల పంట ఒకే రాశిలో కలిస్తే అందరికీ ఒకటే సగటు ధర. ఏ వాలు మీది పంట ఎలా ఉందో విడివిడిగా తేల్చగలిగితే మంచి పంటకు మంచి ధర అడగొచ్చు. అలా తేల్చేది పెద్ద కర్మాగారం కాదు, నూరు గ్రాముల డ్రమ్ము.

వేయించిన నమూనా కనీసం ఎనిమిది గంటలు విశ్రాంతిగా ఉండాలి. లోపలి వాయువు కాస్త పోవాలి. ఇరవై నాలుగు గంటలు దాటకుండా రుచి చూడాలి. 150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి, నీటి వేడి 93 డిగ్రీలు. నాలుగు నిమిషాలకు పైన కట్టిన తెట్టెను చెంచాతో విడగొట్టి, ముక్కు దగ్గరగా వంచి మొదటి వాసన పడతారు.

దానికి ముందు చేయాల్సిన పని ఇంకొకటుంది. చల్లారిన గింజల్ని పళ్ళెంలో పరచి, మిగతావన్నీ గోధుమ రంగులోకి తిరిగినా పాలిపోయి ఉండిపోయినవి ఏరడం. వాటిని క్వేకర్లంటారు. పండకముందే కోసిన కాయల్లోంచి వచ్చినవి అవి. లోపల చక్కెర చేరకపోవడంతో ఎంత వేగినా రంగు తిరగవు. పచ్చి గింజగా ఉన్నప్పుడు ఎంత అనుభవం ఉన్న కన్నయినా వాటిని పూర్తిగా పట్టుకోలేదు. వేయించాక పసిపిల్లలు కూడా ఏరగలరు. స్పెషాల్టీ తరగతికి నూరు గ్రాముల్లో ఒక్క క్వేకరు కూడా ఉండకూడదు. నాలుగైదు కనిపిస్తే ఆ తోటకు పంపాల్సిన మాట ఒకటే: వచ్చే కోతలో ఎర్రగా పండిన కాయనే కోయండి, పచ్చిది ఇంకో వారం చెట్టునే ఉండనివ్వండి.