టెక్స్చువల్‌తో టెర్మినల్ యాప్ కట్టాను, తెలుగు రాగానే గీతలు వంకర పోయాయి. ఎందుకు?

నాగర్‌కర్నూల్‌లో మా చిన్నాయనకు విత్తనాలు, ఎరువుల దుకాణం ఉంది. వానాకాలం మొదలైతే సగం సరుకు ఉద్దెరకే పోతుంది. ఎవరు ఎంత బాకీ అన్నది లావుపాటి నోట్‌బుక్‌లో ఉంటుంది. దుకాణంలో ఒక పాత ల్యాప్‌టాప్ కూడా ఉంది, 2 జీబీ ర్యామ్‌ది. బ్రౌజర్ తెరిస్తే ఫ్యాన్ అరుస్తుంది. అందుకే ఈ లెక్కల కోసం ఒక టెర్మినల్ యాప్ రాద్దామని కూర్చున్నాను. వాడిన లైబ్రరీ పేరు టెక్స్చువల్.

అసలు ఏంటిది?

టెర్మినల్ అనగానే నల్ల స్క్రీన్ మీద కమాండ్లు కొట్టడమే గుర్తొస్తుంది కదా. కానీ అదే స్క్రీన్ మీద బటన్లు, ట్యాబ్‌లు, టేబుళ్లు కూడా గీయొచ్చు. ఇది పాత విద్యే. 1980 ప్రాంతంలో బర్కిలీలో కెన్ ఆర్నాల్డ్ రాసిన కర్సెస్ లైబ్రరీతో రోగ్ అనే గేమ్ నడిచింది. 1993లో వచ్చిన ఎన్‌కర్సెస్ ఇప్పటికీ లినక్స్ సిస్టమ్స్‌లో ఉంటుంది.

టెక్స్చువల్ ఈ కాలం పిల్ల. స్కాట్లాండ్‌కు చెందిన విల్ మెక్‌గూగన్ ముందు రిచ్ అనే పైథాన్ లైబ్రరీ రాసి, 2021లో దీన్ని మొదలుపెట్టాడు. వెర్షన్ 1.0 డిసెంబర్ 2024లో వచ్చింది. దీని వెనకున్న కంపెనీ 2025లో మూతపడింది కానీ, లైబ్రరీ ఓపెన్ సోర్స్‌గా కొనసాగుతోంది.

పైథాన్ వస్తే చాలు, పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. డేటాటేబుల్, ఇన్‌పుట్, బటన్ లాంటివి రెడీగా ఉంటాయి. రంగులు, సైజులు సీఎస్ఎస్ లాంటి ఫైల్‌లో రాసుకోవచ్చు. మౌస్ కూడా పనిచేస్తుంది. డేటా దాచడానికి ఎస్‌క్యూలైట్ పెట్టాను. రెండు సాయంత్రాల్లో యాప్ రెడీ. ఆ ల్యాప్‌టాప్‌లో కూడా చకచకా కదిలింది.

తెలుగు పెట్టగానే

టెస్టింగ్‌లో ఊర్ల పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టాను, అంతా నీట్‌గా ఉంది. చిన్నాయన తెలుగే చదువుతాడు కాబట్టి పేర్లన్నీ తెలుగులోకి మార్చి చూపించాను. వనపర్తి వరుస ఒక చోట, కొల్లాపూర్ వరుస ఒక చోట, అచ్చంపేట వరుస ఇంకో చోట. బాకీ అంకెలు పక్క కాలమ్‌లోకి జరిగాయి.

"ఇదేందిరా, గీతలు ఇట్ల వంకర పోయినయి? ఎవని బాకీ ఎవని ఎదురుంగ ఉందో ఎట్ల తెలియాలె?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని వెతికాను.

గడుల గొడవ

1978 నాటి వీటీ100 టెర్మినల్‌లో 80 కాలమ్‌లు, 24 వరుసలు. ఒక అక్షరానికి ఒక గడి. ఇప్పటి టెర్మినల్స్ కూడా ఆ గళ్ల కాగితం లెక్కనే పాటిస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోతుంది. చైనీస్ అక్షరానికి రెండు గడులు ఇచ్చి సర్దారు. మరి తెలుగుకు?

"నాగర్‌కర్నూల్" తీసుకోండి. యూటీఎఫ్-8లో ఇది 39 బైట్లు. యూనికోడ్‌లో 13 కోడ్ పాయింట్లు (కళ్లకు కనపడని నాన్-జాయినర్ క్యారెక్టర్‌తో కలిపి). మనం చదివేది మాత్రం 6 అక్షరాలు: నా, గ, ర్, క, ర్నూ, ల్. మరి ఎన్ని గడులు? పైథాన్‌లో మామూలు లెంగ్త్ ఫంక్షన్ 13 అంటుంది. దాన్ని నమ్మి స్పేస్‌లు నింపితే టేబుల్ అక్కడే పాడవుతుంది.

అందుకే లైబ్రరీలు ఏ గుర్తుకు ఎన్ని గడులో చెప్పే పట్టిక వాడతాయి. చిక్కు అక్కడే ఉంది. యూనికోడ్ మన గుర్తుల్ని రెండు రకాలుగా విడదీసింది. వనపర్తిలోని గుడి (ి), గద్వాలలోని దీర్ఘం (ా) స్థలం తీసుకోనివి. కొల్లాపూర్‌లోని కొమ్ము దీర్ఘం (ూ), అచ్చంపేటలోని సున్న (ం) స్థలం తీసుకునేవి. ఈ రెండో రకానికి ఒక పట్టిక ఒక గడి ఇస్తుంది, ఇంకో పట్టిక ఏమీ ఇవ్వదు. యాప్ ఒక లెక్క, టెర్మినల్ ఇంకో లెక్క వేసుకుంటే గీత జరుగుతుంది. ఒత్తులది ఇంకో బాధ: "ర్తి"లో రెండు హల్లులున్నాయని రెండు గడులు లెక్కేస్తే, ఫాంట్ త ఒత్తును ర కిందకు దించేస్తుంది.

అంటే తప్పు ఒక్క టెక్స్చువల్‌ది కాదు. లైబ్రరీ, టెర్మినల్, ఫాంట్ ముగ్గురూ ఒక మాట మీద ఉండాలి.

దారి ఉందా?

మెల్లగా పడుతోంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1, ఒత్తుతో ఉన్న అక్షరాన్ని ఒకే ముక్కగా చూసే రూల్ పెట్టింది. అందులో తెలుగు కూడా ఉంది. క్యాలిబర్ ఈ-బుక్ సాఫ్ట్‌వేర్ రాసిన కోవిడ్ గోయల్ తన కిట్టీ టెర్మినల్‌లో 2025లో ఇంకో పద్ధతి తెచ్చాడు: ఈ ముక్కకు ఇన్ని గడులు అని యాప్ నేరుగా టెర్మినల్‌కే చెప్పొచ్చు. మిగతావాళ్లూ దీన్ని పాటిస్తే సమస్య చాలావరకు తీరుతుంది.

అప్పటిదాకా నేను చేసింది ఇది:

- అంకెలు, తేదీలు ఎడమ పక్క కాలమ్‌లలో.
- తెలుగు పేరు, ఊరు కలిపి చిట్టచివరి కాలమ్‌లో. అక్కడ జరిగినా దాని వెనక పాడవడానికి ఇంకేమీ ఉండదు.
- కుడివైపు బోర్డర్ తీసేయడం.

చివరి మాట

పాత మెషీన్, కీబోర్డ్‌తో చకచకా ఎంట్రీ, రిమోట్ సర్వర్ మీద పని... ఇలాంటి చోట టెక్స్చువల్‌కు నా ఓటు. పూర్తిగా తెలుగు ఇంటర్‌ఫేస్ కావాలంటే మాత్రం ముందు మీ టెర్మినల్‌లో సున్న, కొమ్ము, ఒత్తు ఉన్న మూడు పేర్లు కొట్టి చూడండి. తేడా కనిపిస్తే స్క్రీన్‌షాట్‌తో ఆ ప్రాజెక్ట్‌లో ఇష్యూ పెట్టండి. కొల్లాపూర్, అచ్చంపేట అని టైప్ చేసి చూసేవాళ్లు మనమే కదా, మనం చెప్పకపోతే వాళ్లకు తెలిసేదెలా?

చిన్నాయన ఇప్పుడు ఎంట్రీలు యాప్‌లోనే వేస్తున్నాడు. నోట్‌బుక్ మాత్రం ఇంకా పక్కనే ఉంది. గీతలు నిటారుగా నిలబడిన రోజు దాన్ని అటక ఎక్కిస్తాడట.