మంచి పని చేశారు... మరి చెప్పేదెవరు?

ఊరికి మేలు చేసే చిన్న సంస్థలకు ఆ సంగతి నలుగురికీ చెప్పడం రాదు. చెప్పడం వచ్చిన కుర్రకారుకేమో ఏం చెప్పాలో తెలీదు. ఈ ఇద్దర్నీ ఒకచోట చేరిస్తే..?

ఏ జిల్లా కేంద్రంలోనైనా ఓ చిన్న స్వచ్ఛంద సంస్థ ఆఫీసుకి వెళ్లి చూడండి. రెండు గదులు, నలుగురు కార్యకర్తలు, గోడ నిండా పాత ఫొటోలు. బడి మానేసిన పిల్లల్ని మళ్లీ బడిలో చేర్పిస్తుంటారు. దిక్కులేని వృద్ధులకు రెండు పూటలా అన్నం పెడుతుంటారు. 'ఇంతకీ మీరేం చేస్తారు?' అని అడిగితే మాత్రం బీరువాలోంచి ఓ నివేదిక తీసి చేతిలో పెడతారు. అందులో ఎన్ని శిబిరాలు పెట్టారో, ఎంతమంది వచ్చారో ఉంటుంది. ఎవరి బతుకు ఎలా మారిందో ఉండదు.

అదే ఊళ్లో ఓ డిగ్రీ కాలేజీ ఉంటుంది. అక్కడి పిల్లలు ఫోన్‌తోనే వీడియో తీసి, అక్కర్లేనిది కత్తిరించి, పాట జోడించి పది నిమిషాల్లో లోకానికి వదిలేస్తారు. చదువులో భాగంగా వాళ్లని కొన్నాళ్లు ఆ సంస్థకు పంపిస్తే? సంస్థ కథ నలుగురికీ చేరుతుంది. విద్యార్థికి పని తెలుస్తుంది. స్వచ్ఛంద సంస్థల్లో 'కథ చెప్పే' ఇంటర్న్‌షిప్‌ల వెనకున్న ఆలోచన ఇదే.

చెప్పుకోవడం ఎందుకు?

కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదంటారు పెద్దలు. ఇచ్చే దాత విషయంలో అది నిజమే. కానీ నలుగురి సొమ్ముతో నడిచే సంస్థ చేసింది చెప్పకపోతే రేపు ఆ నలుగురూ ఇవ్వరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుచేయాలి. 2014 ఏప్రిల్ నుంచి ఇది అమల్లోకి వచ్చింది. అంటే డబ్బుంది. కానీ అడిగేవాళ్లూ ఎక్కువే. పెద్ద సంస్థల్లో నివేదికలు రాయడానికీ ఫిల్ములు తీయడానికీ వేరే మనుషులుంటారు. చిన్న సంస్థలో పగలంతా ఊళ్లు తిరిగిన కార్యకర్తే రాత్రికి గుమస్తా! విదేశీ విరాళాలతో నడిచే సంస్థలకైతే ఇంకో చిక్కు. ఆ డబ్బులో పరిపాలనా ఖర్చుల పరిమితిని 2020లో 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. ఇక రాయడానికంటూ ఓ మనిషిని పెట్టుకోవడం చాలా సంస్థలకు తలకు మించిన భారం.

మరి విద్యార్థులకు తీరికెక్కడిది అంటారా? 2020-21లో చేరినవారి నుంచి ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అందులో మొదటి ఏడాది తర్వాత రెండు నెలలు సమాజ సేవా ప్రాజెక్టుకే కేటాయించారు. నాలుగు సర్వే కాగితాలు నింపి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకున్నా ఆ రెండు నెలలూ గడిచిపోతాయి. అదే సమయంలో ఒక సంస్థకు పనికొచ్చే కథ తయారైతే..? అది పదేళ్లయినా ఉంటుంది.

చరఖా చూపిన దారి

ఈ ఆలోచనకు మన దేశంలో పాత పునాదే ఉంది. గుజరాత్‌లోని ఆనంద్‌లో గ్రామీణ మేనేజ్‌మెంట్ చదివిన సంజయ్ ఘోష్ రాజస్థాన్ ఎడారి పల్లెల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. పల్లెల్లో జరిగే మంచి పత్రికల దాకా రావడం లేదని గమనించి 1994లో ఢిల్లీలో 'చరఖా' సంస్థను స్థాపించారు. క్షేత్రస్థాయి కార్యకర్తలకు రాయడం నేర్పడం, వాళ్లు రాసినవాటిని పత్రికలకు చేర్చడం దాని పని. 1997 జులైలో అసోంలోని మాజులి దీవిలో ఉల్ఫా తీవ్రవాదులు ఆయన్ని అపహరించి చంపేశారు. ఆయన మొదలుపెట్టిన పని మాత్రం ఆగలేదు.

పస్తాపూర్ పాఠం

మన దగ్గరా ఓ ఉదాహరణ ఉంది. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా 1983 నుంచి పనిచేస్తున్న దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్). ఆ సంస్థను నడిపించిన పి.వి.సతీష్ అంతకుముందు దూరదర్శన్‌లో పనిచేశారు. తల్చుకుంటే సంఘాల మహిళల మీద తానే బోలెడు డాక్యుమెంటరీలు తీయగలరు. కానీ కెమెరాని ఆ మహిళల చేతికే ఇచ్చారు. చిరుధాన్యాలు పండించే దళిత మహిళలు, చాలామందికి చదువు రాదు... అయినా షూటింగ్, ఎడిటింగ్ నేర్చుకున్నారు. 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. వరంగల్ రైతుల బీటీ పత్తి కష్టాల మీద 2003లో వాళ్లు తీసిన చిత్రం విదేశీ భాషల్లోకీ వెళ్లింది.

రేడియో కథ ఇంకా గొప్పది. స్టుడియో ముందే కట్టుకున్నారు. అనుమతి మాత్రం రాలేదు. అప్పటికి స్వచ్ఛంద సంస్థలకు రేడియో ఇచ్చే విధానమే లేదు మరి! కార్యక్రమాల్ని క్యాసెట్లలో రికార్డుచేసి సంఘాల సమావేశాల్లో వినిపించారు. 2006లో విధానం మారింది. 2008 అక్టోబరు 15న మాచ్‌నూర్ నుంచి 'సంఘం రేడియో' గాల్లోకి వచ్చింది. దాన్ని నడిపిన ఇద్దరి పేర్లూ నర్సమ్మే... జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ.

సంస్థకు ఇంటర్న్‌గా వెళ్లే ప్రతి విద్యార్థీ పస్తాపూర్ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. కథ ఎవరిదో చెప్పే హక్కూ వాళ్లదే. మనం కేవలం చేదోడు.

ఏడుపు ఫొటో వద్దు

ఈ సంగతి మరిస్తేనే ముప్పు. 1984లో ఇథియోపియా కరవు దృశ్యాలు చూసి ప్రపంచం కన్నీరు పెట్టింది, విరాళాలు కురిపించింది. కానీ ఎముకల గూళ్లుగా మారిన బిడ్డల బొమ్మలే ఆఫ్రికాకు గుర్తుగా మిగిలిపోయాయన్న విమర్శా వచ్చింది. దాంతో ఐరోపా స్వచ్ఛంద సంస్థలు 1989లో ఫొటోలు, సందేశాల విషయంలో ఓ నియమావళి రాసుకున్నాయి.

మన దగ్గరైతే చట్టమే ఉంది. సంరక్షణ అవసరమైన పిల్లల పేరు, చిరునామా, బడి... ఇలా వాళ్లని గుర్తుపట్టే ఏ వివరాన్నీ బయటపెట్టకూడదని 2015 బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ చెబుతోంది. మీరితే ఆరు నెలల దాకా జైలు లేదా రెండు లక్షల రూపాయల దాకా జరిమానా, రెండూ పడొచ్చు. చట్టం సరే, ఆ బిడ్డ వైపు నుంచీ ఆలోచించాలి. ఇవాళ కన్నీళ్లతో తీసిన ఫొటోకి విరాళం వస్తుంది. పదేళ్ల తర్వాత ఆ అమ్మాయి కాలేజీలో చేరినప్పుడూ ఆ ఫొటో ఇంటర్నెట్‌లో ఉంటుంది. అప్పుడు ఎవరు తుడిచేస్తారు?

తొలి అడుగు ఇలా...

ఒకేసారి అరవై మందిని పంపితే సంస్థకు వాళ్లని చూసుకోవడమే ఓ పనవుతుంది. ప్రయోగాత్మకంగా ఒక కాలేజీ, ఒక సంస్థ, ముగ్గురు విద్యార్థులు చాలు. ఒకరు రాసేవారు, ఒకరు వీడియో తీసేవారు, ఒకరు అనుమతులూ వివరాలూ సరిచూసేవారు. ఎనిమిది వారాల్ని ఇలా పంచుకోవచ్చు.

* మొదటి రెండు వారాలు ఫోను జేబులోంచి తీయకూడదు. కార్యకర్తల వెంట తిరగాలి, వినాలి.
* తర్వాతి మూడు వారాల్లో మూడు కథలు. దేన్ని ఎక్కడ వాడతారో ముందే చెప్పి, వాళ్ల భాషలోనే అనుమతి తీసుకోవాలి. ఒద్దంటే వదిలేయాలి.
* ఆరో వారం రాసింది ఆ మనిషికే చదివి వినిపించాలి. తీసేయమన్నది తీసేయాలి.
* చివరి రెండు వారాలు సంస్థలోనే ఒకరికి ఆ పని నేర్పాలి. ఫొటోలు, అనుమతి పత్రాలు అప్పగించాలి. ఇంటర్న్ వెళ్లిపోతాడు, సంస్థ అక్కడే ఉంటుంది కదా!

దారి ఖర్చులూ భోజనం ఎవరు భరిస్తారన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే ఇంట్లో స్తోమత ఉన్న పిల్లలే ఇలాంటి అవకాశాలు అందుకుంటారు. పల్లె కథ బాగా తెలిసిన పల్లె విద్యార్థి బస్సు చార్జీ లేక ఆగిపోతాడు.

ఇంతకీ ప్రయోగం నెగ్గిందని తెలిసేదెలా? ఎంతమంది చూశారు, ఎన్ని లైకులొచ్చాయి అన్నది తర్వాతి మాట. చదివి వినిపించినప్పుడు 'అవును బిడ్డా, ఇది నా కథే' అని ఆ తల్లి అంటే చాలు. విద్యార్థికి పడాల్సిన మార్కులు పడిపోయినట్టే!