సముద్రంల బోరేస్తే ఆ మట్టి ఎటు పోతది?

చేన్ల బోరేసేటప్పుడు సూసే ఉంటరు. రాతిపొడి, బురద బయటికి చిమ్ముతది, బోరు చుట్టూ దిబ్బ పడతది. సముద్రంల చమురు కోసం బోరేసినా ఇదే కథ. కాకపోతే ఆ దిబ్బ నీళ్ల అడుగున ఉంటది, ఎవ్వరి కంటా పడదు.

ఆ బోరుకు ‘డ్రిల్లింగ్ మడ్’ అనే బురద కావాలె. బంకమట్టిల బరువు కోసం ముగ్గురాయి పొడి కలిపి పైపు నుంచి కిందికి పంపుతరు. అది బిట్టును చల్లబరుస్తది, నలిగిన రాతిముక్కలను పైకి మోసుకొస్తది. రైల్వే కోడూరు దగ్గరి మంగంపేటల తవ్వే ముగ్గురాయి ఎక్కువగా పోయేది ఈ పనికే. పైకొచ్చినంక జల్లెడ పట్టి, బురదను మళ్లా వాడుకుంటరు. రాతిముక్కలను చాలాచోట్ల సముద్రంలనే పారబోస్తరు.

అవి దిగే తీరు వడ్లు తూర్పారబట్టినట్టే ఉంటది. గట్టిగింజ కాళ్లకాడ పడతది, పొట్టు గాలికి కొట్టుకపోతది. అట్లనే పెద్దముక్కలు ప్లాట్‌ఫాం కిందనే పడతయ్. సన్నపొడి నీటి ప్రవాహంతోని దూరం పోయి పల్చగ పరుచుకుంటది. నూనె కలిపిన బురద వాడితే మాత్రం ముక్కలు ఒకదానికొకటి అంటుకొని, ముద్దలై అక్కడనే కుప్ప పడతయ్.

బ్రిటన్, నార్వేల నడుమ ఉన్న ఉత్తర సముద్రంల ఇదే జరిగింది. మొదట్ల అక్కడ డీజిల్ కలిపిన బురద గూడ వాడిన్రు. దక్షిణం దిక్కు లోతు తక్కువ, ప్రవాహం జోరెక్కువ, అందుకే అక్కడి చెత్త చెల్లాచెదురైంది. ఉత్తరం దిక్కు లోతునీళ్లల్ల దిబ్బలు ఇప్పటికీ ఉన్నయ్. దిబ్బ లోపలికి ఆక్సిజన్ పోదు, కాబట్టి నూనె దశాబ్దాలైనా పూర్తిగ విరగదు. అడుగు మట్టిల బతికే పురుగులు, నత్తలు తగ్గిపోతయ్. అడుగున తిరిగే చేపలకు అవే తిండి.

1 శాతం కంటే ఎక్కువ నూనె అంటిన ముక్కలను పారబోయొద్దని ఓస్పార్ ఒప్పందం కింద అక్కడి దేశాలు 2001 నుంచి కట్టడి పెట్టినయ్. మరి పాత దిబ్బల సంగతి? కదిలిస్తే లోపలి నూనె నీళ్లల్ల కలుస్తది, వదిలేస్తే ఏండ్లకేండ్లు కారుతది. ఒక దిబ్బ నుంచి ఏడాదికి 10 టన్నులకు మించి నూనె కారుతుంటే ఏంజేయాలో తేల్చాలని 2006ల ఇంకో నియమం రాసుకున్నరు.

మన కృష్ణా-గోదావరి బేసిన్‌ల గూడ సముద్రంల బోర్లు పడ్డయ్. ఆ నీళ్ల మీదనే మత్స్యకారుల బతుకుంది. బోరుకు ముందు అడుగు ఎట్లుంది, తర్వాత ఎట్లయింది అనే లెక్కలు తెలుగుల జనం ముందట పెట్టాలె. చెత్తను జల్లెడకాడ ఆపొచ్చు. అడుగుకు పోయినంక ఎత్తినా నష్టమే, వదిలినా నష్టమే.