అమ్మ నోటికి ఏ పన్ను?

సంక్రాంతికి సకినాలు కాల్చగానే పిల్లలు కరకరలాడించేవారు. మా అమ్మ మాత్రం తన వాటా చాయ్‌లో వేసుకుని మెత్తబడేదాకా కూర్చునేది. కోరుట్లలో 30 ఏళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చేసిన మనిషి. పన్ను నొప్పి వచ్చినా లేచేది కాదు, లవంగం పెట్టుకుని పని కానిచ్చేది. అలా ఒక్కొక్కటీ పీకించుకుని చివరికి పళ్ళన్నీ పోయాయి. సెట్టు కట్టిస్తే పైది నిలిచింది గానీ కిందిది నోరు తెరిస్తే చాలు లేచొచ్చేది. నలుగురిలో తినడమే మానేసింది.

"ఇంప్లాంట్లు పెట్టిద్దామమ్మా" అన్నాను.

"నాకెందుకు బిడ్డా, ఇంకెన్నేండ్లు తింట? ఆ పైసలు పిల్లల సదువుకు పెట్టు" అంది. ఈ మాట మీ ఇంట్లోనూ వినే ఉంటారు.

ఎలాగో ఒప్పించి, జగిత్యాలలో మా ఇంటికి తెచ్చుకుని ఓ క్లినిక్‌కు తీసుకెళ్ళాను. నోరు చూసీచూడగానే ఆరు ఇంప్లాంట్లన్నారు. ఏ కంపెనీదైతే ఎంతో రేట్ల కాగితం చేతిలో పెట్టారు. షుగర్ ఉందా అని కూడా అడగలేదు. అమ్మకు పదేళ్ళుగా ఉంది! రెండోచోట డాక్టరమ్మ రేటు మాటే ఎత్తలేదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష, దవడ ఎముక ఎత్తూ మందమూ చూపించే సీబీసీటీ స్కాన్ రాసింది.

ఎముకే చెబుతుంది

ఇంప్లాంట్ అంటే పంటి వేరు బదులు దవడ ఎముకలో బిగించే చిన్న మర. ఎక్కువగా టైటానియంతో చేస్తారు. ఈ లోహానికి ఎముక అతుక్కుపోతుందని గమనించిన స్వీడన్ వైద్యుడు బ్రానెమార్క్, 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో వీటిని పెట్టారు. ఆయన 2006లో చనిపోయేదాకా, 40 ఏళ్ళు అవి పనిచేశాయి. లోహం వద్దనుకునేవారికి తెల్లటి జిర్కోనియా రకం ఉంది గానీ దానికి అంత కాలపు అనుభవం లేదు. పై దవడ ఎముక బాగా అరిగిపోయినవారికి చెంప ఎముకలోకి బిగించే పొడవాటి రకం ఉంది. అది పెద్ద ఆపరేషన్, చేయి తిరిగిన సర్జనే చేయాలి.

అమ్మకు కింద రెండే చాలన్నారు. ముందువైపు రెండు ఇంప్లాంట్లు పెట్టి, సెట్టును వాటి మీద టిచ్ బటన్‌లా నొక్కి కూర్చోబెడతారు. రాత్రి తీసి కడుక్కోవచ్చు. కింది దవడలో పళ్ళే లేనివారికి ముందుగా ఆలోచించాల్సిన పద్ధతి ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు తేల్చారు. ఆరింటికీ రెండింటికీ ఖర్చులో తేడా మీకు చెప్పనక్కర్లేదు. షుగర్ అదుపులోకి వచ్చాకే పెట్టించాం.

సిరిసిల్లలో మా చెల్లెది వేరే సంగతి. దానికి కింద ఒక్క దవడ పన్నే పోయింది. బ్రిడ్జి కట్టిస్తే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళను అరగదీయాలి. ఎముక బాగుంది కనుక ఒకే ఇంప్లాంట్, దాని మీద తొడుగు అన్నారు. మర అతుక్కోవడానికి మూడు నెలలు ఆగాలంటే, మా మరిది "మంచిదే ఆయె! సాంచల మీద బతికెటోళ్ళం, జర జర కట్టుకుంటం" అన్నాడు.

అడగండి, చెప్పండి

* నా ఎముకకు ఏ రకం సరిపోతుంది, ఎందుకు? ఇంప్లాంట్ కాకుండా వేరే దారి ఉందా?

* చెప్పిన రేటులో పై తొడుగు, సెట్టు కలిసే ఉన్నాయా?

* కంపెనీ పేరు, సైజు, నంబరు ఉన్న కార్డు ఇస్తారా? పదేళ్ళ తర్వాత ఏ ఊళ్ళో బాగుచేయించినా అది కావాలి.

* షుగర్, తంబాకు అలవాటు, ఎముకలు గుల్లబారినందుకు వాడే మందులు ఉంటే దాచకుండా చెప్పండి. పొగ తాగేవారికి ఇంప్లాంట్ ఊడే ప్రమాదం ఎక్కువ. చిగుళ్ళ జబ్బుంటే ముందు అది తగ్గాలి.

మొన్న సంక్రాంతికి అమ్మ చాయ్ పక్కన పెట్టి, సకినం విరిచి నోట్లో వేసుకుంది. కాసేపు నమిలి, "వాము తక్కువైంది బిడ్డా" అంది. మా అమ్మ నా సకినాలకు వంక పెట్టి ఎన్నేళ్ళయిందో!